బహ్లా నుంచి వాడి కబీర్ దాకా: పావుగంట లేటైన మాస్టరు

నేను కోపంతోనే బయల్దేరాను. ఒమన్‌లోని బహ్లాలో ఒక కంపెనీలో నాది షట్టరింగ్ పని, కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించడం. నా రూమ్‌మేట్ బీర్ బహదూర్ నేపాల్‌లో ఒక అనాథాశ్రమంలో పెరిగాడు. అక్కడి పిల్లలకు ప్రతి శుక్రవారం వీడియోలో ఇంగ్లీషు చెప్తామని మస్కట్ వలంటీర్లు కొందరు ఒప్పుకున్నారు. రెండు వారాలు చెప్పడం, స్క్రీన్ ముందు ఫోటో దిగడం, మాయం కావడం. కొత్తగా వచ్చినాయన మళ్లీ "వాట్ ఈజ్ యువర్ నేమ్" నుంచే మొదలు. ఆ పిల్లలు తమ పేరు ఎంతమందికని చెప్పాలి? చివరికి మస్కట్‌లో వాడి కబీర్ అనే పేటలో ఉండే టీచర్ మేడమ్ ఒక్కరే మిగిలారు. ఆమె కూడా సెలవు మీద ఇండియా పోతున్నారు.

"ఈ శుక్రవారం ఎవరూ రాకపోతే క్లాసు ఎత్తేస్తానన్నాడు మా ఆశ్రమం వార్డెన్. నువ్వు పో భాయ్. సైట్‌లో ఇంజినీరుతో కొట్లాడేంత ఇంగ్లీషు నీకే ఉంది," అన్నాడు బీర్ హిందీలో.

నేను పదో తరగతి తప్పినవాణ్ని. సిమెంటు సంచుల మీది రాతలు చదివి, ఫోన్‌లో విని నేర్చుకున్నాను. అయినా సరే అన్నాను. మా లేబర్ క్యాంపు నెట్‌లో వీడియో ఆడదు, ఎనిమిది మంది రూమ్‌లో చదువు చెప్పే జాగా లేదు. మేడమ్ తన ఇంట్లో కంప్యూటర్ వాడుకోమని మెసేజ్ పెట్టారు: "నేపాల్ టైమ్ సాయంత్రం ఐదుంబావు. అరగంట క్లాసు."

పొద్దున ఎనిమిదికి బహ్లా రోడ్డు మీద షేర్ టాక్సీ ఎక్కాను. నిజ్వా దాకా ఒక రియాల్. డ్రైవర్ ఒమానీ ముసలాయన. హిందీ బాగానే వచ్చు.

"ఎక్కడికి? షాపింగా?"

"పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి."

అద్దంలో కాయలు కాసిన నా చేతులు చూశాడు. "నువ్వా?" అని పడీపడీ నవ్వాడు. దిగేటప్పుడు మాత్రం, "మాస్టర్, తలుపు మెల్లగా వెయ్యి," అన్నాడు. నిజ్వా నుంచి మస్కట్ బస్సు రెండు గంటల పైనే. మస్కట్‌లో బస్సులాగే రూవీలో దిగేసరికి జుమ్మా నమాజు వేళ, దుకాణాల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. తినడానికేమీ దొరకలేదు. శుక్రవారం పోయేవాళ్లు రొట్టెలు కట్టుకొని పోండి. పలకరించే మనిషి లేక నీడలో రెండు గంటలు కూర్చుని, రెండు వందల బైసాలు, అంటే రియాల్‌లో ఐదో వంతు, ఇచ్చి చిన్న బస్సులో వాడి కబీర్ చేరాను.

తలుపు తీసింది ఆ ఇంట్లో పనిచేసే లక్ష్మీదేవక్క. కడప జిల్లా.

"యాన్నుంచి వస్తాండావు నాయనా? ముందు అన్నం తిను. ఈ ఇంట్లో తెలుగు మాట ఇని శానా దినాలైంది."

అప్పటికి మూడు. మన ఇంటి టైమ్ ఇక్కడికన్నా గంటన్నర ముందు కదా, ఐదుంబావు అంటే మూడుంముప్పావు అని లెక్క కట్టుకున్నాను. తిన్నాను, చాయ్ తాగాను, అక్క కొడుకు ఫోటోలు చూశాను. మూడూ నలభై మూడుకు, రెండు నిమిషాలు ముందే, ఠీవిగా కంప్యూటర్ తెరిచాను.

అవతల ఖాళీ బెంచీలు. ఒక్క పిల్ల కూర్చుని ఉంది, పదేళ్లుంటాయి. వెనక వార్డెన్.

"టైమ్ చూసుకున్నారా? ఐదున్నర కావస్తోంది," అన్నాడు హిందీలో. "మేడమ్‌కు ఫోన్ చేస్తే కలవలేదు, విమానంలో ఉన్నారేమో. పన్నెండు మంది వచ్చారు. ఈయన కూడా రాడని లేచి వెళ్లిపోయారు."

"మా ఇంటి దగ్గర ఐదుంబావే సార్!"

"అది ఇండియా. నేపాల్ ఇంకో పావుగంట ముందు."

వాళ్లు నా కోసం చూస్తున్నంతసేపూ నేను కంప్యూటర్ ఉన్న ఆ గదిలోనే, అదే కుర్చీలో చాయ్ తాగుతున్నాను. ఎవరినైతే తిట్టుకుంటూ వచ్చానో, ఆ పిల్లలకు నేనూ వాళ్లలో ఒకణ్నే.

పిల్ల పేరు సునీత. పేరు నేను అడగలేదు, వార్డెన్ పిలిస్తే విన్నాను. "నీకు ఏం నేర్చుకోవాలనుంది?" అన్నాను హిందీలోనే. "ఆలస్యంగా వచ్చినవాళ్లను ఎలా తిట్టాలి?" అంది. వార్డెన్ కూడా నవ్వాడు. "యు ఆర్ లేట్. వుయ్ వెయిటెడ్," అని నేర్పాను. పావుగంటలో పదిసార్లు నన్నే తిట్టించుకున్నాను.

చివర్లో వార్డెన్, "ఇంకొక్క శుక్రవారం చూస్తా," అన్నాడు. సునీత స్క్రీన్ దగ్గరకు జరిగింది. "మీ టైమ్‌కు వద్దు సార్, మా టైమ్‌కు రండి."

తిరుగు బస్సులో నా పక్క సీటు నిజ్వా దాకా ఖాళీనే. ఇక్కడికొచ్చాక నా తలలో రెండే గడియారాలు తిరిగాయి. ఒకటి డ్యూటీది, ఇంకొకటి ఇంటికి ఫోన్ చేసేది. మూడో ఊళ్లో నా కోసం ఎవరైనా బెంచీ మీద కూర్చుని ఉంటారని ఎన్నడూ అనుకోలేదు. వచ్చే శుక్రవారం ఫోర్‌మన్ డ్యూటీ వేస్తే కొట్లాడతాను. ఆ ఇంగ్లీషు నాకు బాగానే వచ్చు.

పోయేవాళ్లకు ఒకటే మాట: నోటి లెక్క నమ్మకండి, ఫోన్‌లో నేపాల్ గడియారం పెట్టుకోండి. అక్కడ ఐదుంబావు అంటే ఇక్కడ మూడున్నర. మూడుంముప్పావు కాదు.