ధర చెప్పే ముందు స్టూలు

పొరుగూరి ధర ఏది విన్నా ఆనంద్ పాల్ గారికి కాళ్లలో సత్తువ పోయేది. అలాగని వినకుండా ఉండలేరు. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాక, రోజూ పొద్దున్నే ప్రార్థన చేసుకుని, తెల్లచొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, నాంపల్లి స్టేషను ముందు నిలబడేవారు. బండి దిగినవాళ్లను ఆపి, "వందనాలయ్యా! మీ ఊళ్లో ఇడ్లీ ఎంత?" అని అడిగేవారు.

"ప్లేటు ఎనభై," అన్నాడొక బెంగళూరు కుర్రాడు.

"ప్రభువా!" అని పాల్ గారు వెనకున్న ఆటోలో కూలబడ్డారు. అందులో అప్పటికే ఒకావిడ కూర్చుని ఉంది.

ఆవిడ కేకలు విన్నాక చాయ్ బండి బిచ్చయ్య ఒక స్టూలు కొన్నాడు. ఎవరు నోరు తెరిచినా, "జర ఆగు సారూ, స్టూలు రానియ్యి," అని పాల్ గారి వెనక జరిపేవాడు. చెన్నై మల్లెపూలకు ఒకసారి, పుణే క్షవరానికి రెండుసార్లు కూలబడేసరికి స్టూలు కాళ్లు వదులైపోయాయి.

"గీడ మాత్రం పెరగలేదా సారూ? గప్పుడు కూలబడరేంది?"

"ఇక్కడివి కండ్ల ముందట మెల్లగా పెరిగినయ్ బిచ్చయ్యా. అవతలూరివి ఒక్కసారే మీద పడ్తయ్."

బిచ్చయ్యకు అర్థం కానిది ఒక్కటే. ధర చెప్పినవాళ్ల పేరు, ఫోన్ నంబరు కూడా ఆయన చిన్న నోటుబుక్కులో రాసుకునేవారు. ఇడ్లీ ధరకు ఫోన్ నంబరెందుకు?

ఒకరోజు పాల్ గారి చర్చికే వచ్చే డోరమ్మ, నర్సు చదివిన కూతురు జిప్పోరాను వెంటబెట్టుకుని చాయ్ బండి దగ్గరికి వచ్చింది. ముంబైలో ఉద్యోగం, ముప్పై ఎనిమిది వేల జీతం. సాయంత్రంలోగా ఔనో కాదో చెప్పాలి.

"అన్నయ్యా, గాడ కిరాయి ఎంతో నువ్వే అడుగు. నువ్వు కూలబడ్డవంటే నా బిడ్డ పోదు, అంతే!"

జిప్పోరా చేతిలో ఉద్యోగం కాగితం నలిగిపోతోంది. పాల్ గారు నోటుబుక్కు తిరగేసి, మూడేళ్ల కిందట టమాటా ధర చెప్పిన వైశాలికి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, జిప్పోరా ఉండడానికి చోటు అడిగారు. ఆమె ముంబైలో కాపురముంటున్న ఖైరతాబాద్ ఆడపడుచు.

"మీరడిగితే కాదంటానా అంకుల్! మా ఇంట్లో అమ్మాయిల గది ఉంది, పంపించండి. పన్నెండు వేలు."

"గదికా అమ్మా?"

"మంచానికి."

బిచ్చయ్య స్టూలుతో ఉరికాడు. ఆటోవాడు కూడా చేతులు చాపాడు. పాల్ గారు చాయ్ బండి అంచు గట్టిగా పట్టుకున్నారు, రెండో చేతిలోని గ్లాసులో చాయ్ తొణికింది, పెదవుల దాకా వచ్చిన "ప్రభువా" అక్కడే ఆగింది. ఊపిరి బిగబట్టి నిలబడ్డ జిప్పోరా వైపు ఒక్కసారి చూశారు.

"మంచం... గట్టిదేనా అమ్మా?"

"ఇనుపది అంకుల్. రెండు పూటలా భోజనం కూడా మాదే. మా పిల్లలతో పాటే చూసుకుంటాను."

"అట్లయితే అగ్గువనే!" అన్నారు పాల్ గారు, నిటారుగా నిలబడి. "పంపు డోరా. జీతంల సగం పైనే మిగుల్తది. గాడ మన మనిషి కూడా ఉన్నది."

"అన్నయ్య కూలబడలే!" అని డోరమ్మ నోరు తెరిచింది. జిప్పోరా కాగితాన్ని చున్నీకేసి సాపు చేసుకుంటూ, తల్లి చెయ్యి పట్టుకుని ఆబిడ్స్ దారి పట్టింది. పాల్ గారు చెయ్యి ఊపుతూనే ఉన్నారు.

"బిచ్చయ్యా, మలుపు తిరిగిన్రా?"

"తిరిగిన్రు సారూ."

"అయితే జర ఆ స్టూలు ఇటు జరుపు నాయనా."