చీటీలో రాసిన ఊరు

మొన్న వర్ధన్నపేట నుంచి వరంగల్‌ దవాఖానకు ఎప్పటిలా ఒక్కణ్ణే పోయాను. వరుసలో నిలబడితే టించరు వాసన కొట్టింది, నా ఐదేళ్లప్పటి రోజు గుర్తొచ్చింది.

ఊరిమీద పడ్డవాళ్ల తుపాకుల భయానికి ఊరు విడిచి, నెక్కొండ స్టేషను పక్కన తలదాచుకున్న రోజులవి. చెల్లెలికి ఒళ్లు కాలిపోతుంటే అమ్మ మా ఇద్దరినీ దవాఖానకు తీసుకుపోయింది.

"ఏ ఊరమ్మా?" అన్నాడు కాంపౌండరు సాబు.

"నెక్కొండే, సాబూ."

"కాదు! మనది తొర్రూరు కాడ..." అని అరిచాను. అమ్మ తొడపాశం పెట్టింది.

సాబు వరుసలోని మనుషులను ఒకసారి చూశాడు. "వీనిగ్గూడ జరమొచ్చినట్టుంది, ఏందో వాగుతాండు," అని గట్టిగా అని, నెక్కొండే రాసి, చెల్లెలితోపాటు నాకూ చేదు మందు తాగించాడు.

నిజం చెప్పినందుకు శిక్ష అనుకుని ఆ రోజంతా అమ్మతో మాట్లాడలేదు. మాట్లాడటానికి అక్కడ ఇంకెవరూ లేరు. ఊరు పేరు తెలిస్తే వెతుక్కుంటూ వచ్చేవాళ్లున్నారని నాకేం తెలుసు?

మొన్న నా ముందు, కాల్పులకు భయపడి ఛత్తీస్‌గఢ్ అడవి దాటి వచ్చిన ఒక తల్లి, జ్వరంతో ఉన్న పసిదాన్ని ఎత్తుకుని నేల చూస్తోంది.

"ఊరు చెప్పకుంటే చీటీ ఎట్ల రాయాలె?" అని గుమస్తా కసిరాడు.

నాకు మండింది. "జరానికి ఊరెందుకయ్యా? మాది వర్ధన్నపేట. ఆమెది గూడ అదే, రాయి."

"ఆమె నీకేమైతది తాతా?"

"బిడ్డ."

ఎగాదిగా చూశాడు. నమ్మలేదు. కానీ రాశాడు.