పెదనాన్న మళ్లీ మైకు పెట్టిన పెళ్లి

మా పెదనాన్న పాత ఆంప్లిఫయర్‌ను నేను విప్పిన రోజు అందులో దొరికినవి ఇవి: ఉబ్బిపోయిన కండెన్సర్లు మూడు, మాడిన వాల్వు ఒకటి, ఎవరిదో పెళ్లి శుభలేఖలో చుట్టిన రికార్డు ముళ్లు పదకొండు, ఎండిపోయిన బొద్దింకలు రెండు. ఎనభైల మొదట్లో సంగతి. అప్పుడే ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించి, ఉద్యోగం కోసం దరఖాస్తులు పెట్టుకుంటూ మాచర్లలో ఇంటి దగ్గరే ఉన్నాను. ఏ పనికైనా ముందు జాబితా రాసుకోవడం నా అలవాటు. దాన్ని పెదనాన్న చేతికిస్తే ఆసాంతం చదివాడు.

"బొద్దింకలు గూడా రాశావు. అవి గూడా కొత్తవి తేవాలా ఏందిరా?"

పెళ్లికి ముందు ఆయనకు సొంత మైకు సెట్టు ఉండేది. రెండు గరాటు హారన్లు, రికార్డు ప్లేయరు, బ్యాటరీ ఎడ్లబండి మీద వేసుకుని గురజాల చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లిళ్లకు పాటలు వేసేవాడు. సంసారం పెరిగాక బండల పాలిషింగ్ మిషను పెట్టాడు, సెట్టు అటకెక్కింది. పదిహేడేళ్లు రాయి కోసే రంపం పక్కన నిలబడి, మిషన్ను కొడుక్కి అప్పగించాడు. అప్పటినుంచి ఆయనకు పొద్దు గడవడం లేదు. రోజూ మిషను దగ్గరికి వెళ్లి కొడుకు పనికి వంకలు పెట్టడం, ఇద్దరూ మాటామాటా అనుకోవడం, భోజనం వేళకు ముఖం మాడ్చుకుని రావడం. చివరికి పెద్దమ్మే అంది.

"ఆ అటక మీద డబ్బాలన్నా దింపుకో, లేదంటే నన్నన్నా అటకెక్కించు. ఈ గోల నేను పడలేను."

డబ్బాలు దిగాయి. గుంటూరు వెళ్లి సామాన్లు తెచ్చి, నాలుగు రోజుల్లో ఆంప్లిఫయర్‌ను పలికించాను. మొదటి పాట మోగినప్పుడు పెదనాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మర్నాటినుంచి తెల్లారగానే రికార్డులు తుడవడం, వాటి మీద కాగితాలు అంటించడం. మిషను వైపు వెళ్లడం మానేశాడు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

నాకు మాత్రం ఒక విషయం తెలిసింది. శబ్దం మందంగానో సన్నగానో మార్చే టోన్ నాబ్‌ను నేను మధ్యలో పెట్టి వెళ్లేవాణ్ణి. తిరిగి వచ్చేసరికి అది చివరిదాకా తిరిగి ఉండేది. పాట చెవుల్లో గీరినట్టుండేది. వీధిలోవాళ్లు కిటికీలు వేసుకునేవాళ్లు. పెదనాన్న మాత్రం కళ్లు మూసుకుని, "ఇప్పుడు బాగుంది" అనేవాడు. రంపం ఆయన చెవుల్లో సన్నని పైస్థాయి శబ్దాలన్నిటినీ కోసుకుపోయింది. మనం మాట్లాడేది కూడా సగం పెదవులు చూసే పట్టుకుంటున్నాడని అప్పుడు గమనించాను. అర్థం కానిచోట నవ్వి తలూపేవాడు.

సెట్టులోని లోపాలన్నీ రాసుకున్నవాణ్ణి, ఇది మాత్రం రాయలేదు, చెప్పలేదు. చెబితే అన్నీ మళ్లీ అటకెక్కిస్తాడని భయం.

ఆ వేసవిలో గురజాల దగ్గర ఒక ఊళ్లో, ఆయనకు బావ వరసయ్యే రైతు ఇంట కూతురి పెళ్లి వచ్చింది. పాటలు తానే వేస్తానని పెదనాన్న మాటిచ్చాడు. టేపురికార్డర్లు వచ్చేశాయి, రికార్డులు ఎవరికి కావాలని పెళ్లికొడుకు తరఫువాళ్లు అన్నారట. "వేసి చూపిస్తాగా" అన్నాడట ఈయన.

ముహూర్తం పొద్దున పదింటికి. మేము ముందురోజే వెళ్లి డాబా మీద వెదురు బొంగు నిలబెట్టి, హారన్‌ను ఊరివైపు తిప్పి కట్టాం. మైకువాళ్లకు ఒక పద్ధతి ఉంది. హారన్ కట్టాక మొదటి పాట వేసి, ఊరి చివరిదాకా నడిచి వెళ్లి వినాలి. హారన్ వెనక పందిట్లో కూర్చున్నవాడికి దాని అసలు శబ్దం తెలియదు. ఒకప్పుడు పెదనాన్న ఎవర్నీ నమ్మక తనే వెళ్లేవాడట. పెళ్లిరోజు పొద్దున నాతో అన్నాడు.

"నువ్వు పొయ్యి ఇనిరా. నేను ఈడ చూసుకుంటా."

ఊరి చివర రాళ్లగోడ దగ్గర నిలబడ్డాను. మొదటి పాట శుభ్రంగా వచ్చింది. రెండోది, పెళ్లికూతుర్ని పందిట్లోకి పిలిచే పాట, మధ్యలో ఇరుక్కుంది. "రావే" అన్న ఒక్క మాట దగ్గర గీత పడి, ముల్లు అక్కడే తిరుగుతోంది. అది నలభై అయిదు చుట్ల రికార్డు. అంటే నిమిషానికి నలభై అయిదుసార్లు రావే, రావే, రావే. తీస్తాడని కాసేపు చూశాను. తీయలేదు. పరుగెత్తాను. నేను సగం దూరంలో ఉండగా ఆ రావే ఇంకా పెద్దదయింది.

పందిట్లో అందరూ పడీపడీ నవ్వుతున్నారు. పెళ్లికొడుకు తరఫు కుర్రాడొకడు చేతులూపుతూ అరుస్తున్నాడు.

"పిల్ల వచ్చి కూర్చునే ఉంది గదయ్యా! ఇంకా ఎవర్ని పిలుస్తన్నావు?"

పెదనాన్న వాళ్లను చూసి సంతోషంగా తలూపుతున్నాడు. చేతులూపేది సౌండు పెంచమని అనుకుని పెంచాడు. చెయ్యి ఇంకా నాబ్ మీదే ఉంది.

నేను ముల్లు ఎత్తేశాను.

"ఎందుకు తీశావురా? వాళ్లకు నచ్చిందిగా!"

చెవి దగ్గర వంగి చెప్పాను. "ఇరుక్కుపోయింది పెదనాన్నా. చానాసేపయింది."

ఆయన రికార్డు వైపు చూశాడు. తర్వాత నవ్వుతున్నవాళ్ల వైపు చూశాడు. ముఖంలోని నవ్వు మెల్లగా పోయింది. ఈలోగా పెళ్లికూతురి తండ్రి వచ్చాడు. నేను ముందుగానే అబద్ధం సిద్ధం చేసుకున్నాను.

"ముల్లు అరిగింది మామయ్యా. మార్చకపోవడం నాదే తప్పు."

పెదనాన్న నా పెదవులు చూస్తూనే ఉన్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపాడు.

"ముల్లుకేం కాలేదు బావా. నాకే ఇనపడదు. రంపం కాడ పోయినయ్ చెవులు. చెప్పకుండా రావడం నా తప్పు."

నవ్వులు ఆగిపోయాయి. మామయ్య తలగోక్కున్నాడు.

"మరెట్టా బావా? తలంబ్రాలున్నయ్, అప్పగింతలున్నయ్. టేపురికార్డరు తెప్పించమంటావా?"

పెదనాన్న ముల్లున్న చెయ్యి మీద వేలు పెట్టాడు. నా వైపు తిరిగాడు.

"ఒరేయ్, పాట నడిచేటప్పుడు ఈ చెయ్యి లోపలికి జరుగుతా ఉంటదిగా?"

"జరుగుతుంది. మూడు నిమిషాలకు అంగుళం పైన."

"జరక్కపోతే ఇరుక్కున్నట్టే. రంపం రాయిలోకి దిగుతందో లేదో ఇన్నాళ్లు కంటితోనే చూశా. ఇదెంత?" తర్వాత మామయ్యతో అన్నాడు. "ఇంకొక్క పాట వెయ్యనియ్ బావా. కుదరకపోతే టేపే పెట్టిద్దువు."

సౌండు నాబ్ నాకిచ్చాడు. ముక్కు రికార్డుకు తగిలేంతగా వంగి, ముల్లున్న చెయ్యి మీదే చూపు నిలిపి కూర్చున్నాడు. పురోహితుడు పాట ఆపమని చెయ్యెత్తగానే నేను పెదనాన్న మోకాలు తట్టేవాణ్ణి, ఆయన ముల్లు ఎత్తేవాడు. తలంబ్రాలప్పుడు మరో రికార్డు ఇరుక్కుంది. ఒక మాట రెండోసారి పలకగానే వేలితో ఒక్క పిసరు జరిపాడు. పందిట్లో ఎవరూ తల తిప్పలేదు. టేపురికార్డరు ఊసు మళ్లీ రాలేదు.

అప్పగింతల పాట ఎంత పెట్టాలో మాత్రం నన్ను అడగలేదు. పిల్ల చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లో పెడుతుంటే, ఆడవాళ్ల ముఖాలు చూస్తూ నాకు చేత్తో సైగ చేశాడు. తగ్గించు. ఇంకా తగ్గించు. చివరికి తల్లి ఏడుపు పాటకంటే పైన వినిపించేంతగా తగ్గింది. అది సరైన స్థాయి అని నేను ఏ మీటరుతోనూ చెప్పగలిగేవాణ్ణి కాదు.

సామాన్లు సర్దుతుంటే ఈపూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన దగ్గరికి వచ్చాడు. వాళ్లింట్లో పెళ్లికి వచ్చి పాటలు వెయ్యమన్నాడు.

"ముందే చెప్తన్నా," అన్నాడు పెదనాన్న, వైరు చుట్టడం ఆపి. "నాకు ఇనపడదు. నువ్వు పొద్దున చూశావో లేదో."

ఆయన కండువాతో ముఖం తుడుచుకుంటూ, ఆ గుడ్డ చాటునుంచే అన్నాడు. "చూశాలే. ఇనపడేవాళ్లు మా ఊళ్లో చానామంది ఉన్నారు. రికార్డులున్నోడే లేడు."

పెదవులు కనబడలేదు. పెదనాన్న నవ్వి తలూపబోయాడు. ఊపలేదు. నా వైపు వంగాడు.

"ఏమన్నాడురా?"