పోలమ్మ బండికి అడ్డొచ్చిన పాదరసం

పొద్దున్నే పాలు కాగి, అన్నం ఉడుకు పట్టే వేళకి మా గేటు ముందు పోలమ్మ బండి ఆగేది. నేను గిన్నె పట్టుకుని వెళ్తే మావారు పాండురంగారావు గారు నా వెనకే వచ్చి, చేప మొప్పలెత్తి చూసి, ఏదో పెద్ద తీర్పు చెప్పినట్టు "ఊఁ" అనేవారు. ఆయన పోయాక నేను గిన్నె పట్టుకెళ్ళడం మానేశాను. పోలమ్మ మాత్రం ఆగడం మానలేదు. గ్లాసుడు మంచినీళ్ళు అడిగి తాగి, నాలుగు కబుర్లు చెప్పి వెళ్తుంది. చేపలు తీసుకోమని ఒక్కరోజు కూడా నోరు తెరిచి అడగలేదు.

పోలమ్మది దివిసీమ, నాగాయలంక అవతల పల్లె. పెళ్ళై మా పెడన వచ్చింది. మొదట్లో గుడివాడ నుంచి రైల్లో గంప తెచ్చుకునేది. పెట్టెలో ఎవరైనా ముక్కు మూసుకుంటే, "వండాక కూడా ఇలాగే మూసుకోండి, చూస్తాను" అనేది. తర్వాత మోపెడ్ కొనుక్కుంది. నేర్చుకునే రోజుల్లో ముదినేపల్లి రోడ్డు మీద నుంచి తిన్నగా వరిచేలోకి దిగిపోయింది. రైతు కేకలేసుకుంటూ పరిగెత్తుకొస్తే, బురదలోంచి లేచి, "నాట్లకొచ్చానండీ, కూలెంతిస్తారు?" అందట. ఆ రైతు నవ్వలేక, తిట్టలేక, బండిని తనే గట్టుకి లాగి ఇచ్చాడట.

బండికి చిన్న మైకు కట్టి, తన గొంతే రికార్డు చేసి పెట్టుకుంది. "చేపలమ్మా, చెరువు చేపలు! శీలావతి, బొచ్చె, కొర్రమీను!" అది అరుస్తూనే ఉంటుంది, ఈవిడ మాట్లాడుతూనే ఉంటుంది. రెండు గొంతుల్లో ఏది పోలమ్మదో తెలియక మా వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు తికమకపడతారు.

అలాంటి పోలమ్మ వ్యాపారం ఒక ఫోను వీడియోతో చతికిలబడింది.

ఎదురింటి లీలావతి కూతురు జెస్సీ కడుపుతో ఉండి పుట్టింటికి వచ్చింది. ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని వీడియో చూస్తోంది. ఎక్కడో నదుల్లో, చెరువుల్లో చేపలకి పాదరసం పడుతోందట, తల్లి తింటే కడుపులో బిడ్డ మెదడుకి దెబ్బట. నోట్లో ఉన్న చేప ముద్ద కంచంలోనే ఉమ్మేసింది. లీలావతి ఆ మాట కుళాయి దగ్గర చెప్పింది. పాదరసం అంటే మాకు తెలిసింది జ్వరం చూసే గొట్టంలో మెరిసేది ఒక్కటే. అది చేపలో ఉందంటే ఎవరికి ముద్ద దిగుతుంది?

మర్నాడు మైకు అరుచుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. ఒక్క గేటూ తెరుచుకోలేదు.

"నేను చేపలమ్ముతున్నానా, థర్మామీటర్లమ్ముతున్నానా అక్కా?" అని నా దగ్గర గ్లాసు తీసుకుంటూ నవ్వింది పోలమ్మ. నాలుగైదు రోజులయ్యాక ఆ నవ్వు కూడా తగ్గింది. "ఈ నెల ఇలాగే ఉంటే బండి అమ్మేసి బందరు రొయ్యల షెడ్డుకి పోతా. పొద్దస్తమానం ఐసులో చేతులెట్టి తలకాయలు తుంచాలి. అది కాదక్కా, అక్కడ మాట్లాడితే సూపర్‌వైజరు కసురుతాడంట. మాట్లాడకుండా నేనెట్టా బతకను?"

ఆ మాటకి నాకు నవ్వు రావాలి. రాలేదు. పొద్దున్న పూట ఆ నాలుగు మాటలు లేకపోతే ఈ ఇంట్లో నా గతేమిటని మాత్రం అనిపించింది.

అందరికంటే ముందు కదిలింది జెస్సీ తండ్రి ఏసుబాబు అన్నయ్య. ఆయనా మావారూ ఒకే కలంకారీ షెడ్డులో పనిచేశారు. అద్దకం పనివాళ్ళకి ఒక గట్టి నమ్మకం ఉంటుంది. గుడ్డకి ఏం పట్టినా సరే, రాగి కాగులో ఉడకబెట్టి, పారే కాలవలో జాడిస్తే పోతుందని. "రంగే పోయింది, రసం పోదా?" అన్నాడు.

పోలమ్మ ఎగిరి గంతేసింది. "నా కూతురైతే ఒకటీ, జెస్సీ అయితే ఒకటీనా!" అంటూ మోకాటి పొడుగు వాలుగ చేపని వెతికి మరీ తెచ్చింది.

ఏసుబాబు అన్నయ్య దాన్ని ఉడకబెట్టి, పంచె ఎగ్గట్టి కాలవలోకి దిగి, దుప్పటి జాడించినట్టు జాడించాడు. ఉడికిన చేప జాడింపుకి ఆగుతుందా? ముక్క ముక్కగా కాలవలో కలిసిపోయింది. గట్టు మీద పోలమ్మ పొట్ట పట్టుకుని, "చేపని మళ్ళీ నీళ్ళలో వదిలిన మొనగాడు మా ఏసుబాబు బావే!" అని ఒకటే నవ్వు. చేతిలో మిగిలిన కాస్తా పులుసు పెడితే తడిగుడ్డ నమిలినట్టుంది. జెస్సీ అదీ తినలేదు.

"పోయిందని గ్యారంటీ ఏంటి నాన్నా?"

"గ్యారంటీయే కావాలా? పద, డాక్టరమ్మనే అడుగుదాం!"

బందరు ఆస్పత్రికి జెస్సీని చూపించే రోజున ఆటోలో అందరం ఎక్కాం. డాక్టరమ్మ తీర్పు వినాలని పోలమ్మ బండి ఇంట్లో పెట్టి మరీ వచ్చింది.

డాక్టరమ్మ కాలవ కథ విని ముందు పడీ పడీ నవ్వింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. పాదరసం చేప కండలోనే కలిసిపోతుందట. కడిగినా పోదు, ఉడికించినా పోదు. కంటికి కనపడదు, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. సాటి చేపల్ని తిని పెరిగే పెద్ద చేపల్లో ఎక్కువగా చేరుతుంది. నాచూ మేతా తినేవాటిలో, చిన్న చేపల్లో మామూలుగా తక్కువ. "అసలు మానేయకమ్మా, బిడ్డకి చేప మంచిది. వారానికి రెండుసార్లు, చిన్నవి తిను. వాలుగ, కొర్రమీను లాంటివి కాన్పయ్యి, పాలు మాన్పించేదాకా పక్కన పెట్టు."

తిరిగొచ్చేటప్పుడు పెడన దగ్గరపడ్డాక పోలమ్మ నా చెయ్యి పట్టుకుంది. "కూతురనుకుని ఏరి ఏరి పెద్దది తెచ్చానక్కా. సమయానికి కాలవ మింగింది."

ఆ రోజే చెరువు రైతు దగ్గరకి వెళ్ళి నీళ్ళెక్కడివని అడిగొచ్చింది. కాలవ నీళ్ళేనని, పైన ఫ్యాక్టరీలేమీ లేవని అతను చెప్పాడట. "పరీక్ష చేయించలేదంట. నాకు తెలిసింది ఇంతే, ఇంతకంటే ఒట్టేసి చెప్పలేను" అని అడిగినవాళ్ళందరికీ అదే చెప్పింది. మైకులో మాట కూడా మార్చేసింది. "శీలావతి! పరిగెలు! కడుపుతో ఉన్నోళ్ళు, చంటిపిల్లల తల్లులు నన్ను వాలుగ అడక్కండమ్మా!" సరుకు కొనొద్దని మైకులో అరిచే చేపలావిడ మా తాలూకా మొత్తానికి ఈవిడొక్కతే అయ్యుంటుంది.

జెస్సీ వేలెడేసి పరిగెలు తీసుకుంది. వేయించుకుని కంచం ఊడ్చేసింది. మిగతా వీధి మాత్రం కిటికీల్లోంచి చూసి ఊరుకుంది. భయం ఎక్కినంత తొందరగా దిగదు కదా. నెలాఖరు దగ్గరపడుతోంది. బండి ఎంతకి పోతుందో పోలమ్మ ఎవర్నో అడుగుతోందని లీలావతి చెప్పింది.

మర్నాడు నేను గిన్నె తీసుకుని గేటు తీశాను. పోలమ్మ మంచినీళ్ళ కోసం చెయ్యి చాపి, గిన్నె చూసి ఆగిపోయింది. మైకు ఒక్కటే అరుస్తోంది.

"ఒక్కదాన్నే. చిన్న శీలావతి చాలు" అన్నాను.

మాట్లాడకుండా బతకలేనన్న మనిషి ఆ కాసేపు ఒక్క మాట మాట్లాడలేదు. మా వీధి అరుగు మీదే కత్తిపీట వేసి, పొలుసు గీకి, ముక్కలు కోసి గిన్నెలో వేసి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

అరుగు మీదంతా పొలుసులు, ఎండకి తళతళ. లీలావతి తన గుమ్మంలోంచి కేకేసింది. "వదినా, పిల్లులు మూగుతున్నాయి, రెండు చెంబులు నీళ్ళు కొట్టి పోనా?"

"వద్దులే" అన్నాను.

మా అరుగు దాటకుండా వీధిలో ఎవరూ కుళాయికి వెళ్ళలేరు. ఒక్కొక్కరూ బిందె చంకనెత్తుకుని ఆగి, పొలుసుల వంకా, నా వంకా చూసి వెళ్తున్నారు. పులుసు పొయ్యి మీద పెట్టి వచ్చి గుమ్మంలో కూర్చున్నాను. ఆ పూట అరుగు కడగలేదు.