వెనక వాగులో కడిగిన బూట్లు

ఎనభైల చివర ఐడాహోలో నా ఉద్యోగం నదిలో దిగి రాళ్ళెత్తి, వాటికి అంటుకున్న పురుగుల్నీ నత్తల్నీ లెక్కపెట్టడం. జువాలజీ చదివి అమెరికా వచ్చింది మోకాటిలోతు చన్నీళ్ళలో నిలబడటానికా అని నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి. ఆ నదిలోకి అప్పుడే కొత్త నత్త ఒకటి వచ్చింది. న్యూజిలాండ్‌ది, బియ్యపుగింజంత ఉంటుంది. దాదాపు అన్నీ ఆడవే, మగదానితో పనిలేకుండానే పిల్లల్ని కంటాయి. ఒక్కటి చేరితే చాలు, కొన్నాళ్ళకి రాళ్ళ నిండా అవే, మిగతా నత్తలకి తిండి మిగలదు. చేప మింగినా గుల్ల మూత బిగించుకుని బతికి బయటపడుతుంది. చేపకి మాత్రం ఆకలి తీరదు.

మా అద్దె ఇంటి వెనక ఊటనీటి వాగు ఉండేది. నాకు ఆ ఉద్యోగం ఇచ్చిన ప్రొఫెసర్‌కి ఆ వాగంటే ప్రాణం. ఇంకెక్కడా దొరకని చిన్న నల్ల నత్త అందులో ఉండేది. ఆయన ఉద్యోగ జీవితమంతా దాని మీదే గడిచింది. "నది ఎలాగూ పోయింది, ఇదైనా మిగలాలి" అనేవాడు.

నేను నది నుంచి వచ్చేసరికి నా భార్య వెనక తలుపు దగ్గర కాపలా కాసేది.

"ఆ బురద బూట్లతో లోపలికొస్తే ఊరుకోను. కార్పెట్ ఎవరు క్లీన్ చేస్తారు? వాగులో కడుక్కుని రండి."

కాళ్ళు కడుక్కోకుండా గడప దాటని ఇళ్ళలో పెరిగినవాళ్ళం. బూట్ల అడుగున ఇరుక్కున్న మట్టిని పుల్లతో గీకి మరీ కడిగేవాణ్ణి. శుభ్రతలో నాకు వంక పెట్టేవాడు లేడని గర్వం కూడా ఉండేది.

రెండో వేసవిలో ప్రొఫెసర్ ఆ వాగులో ఒక రాయి ఎత్తి నాకు చూపించాడు. రాయి నిండా కొత్త నత్తలే. వాగు వెంట ఎగువకి నడిచి చూశాం. మా పెరడు దాటాక ఒక్కటీ లేదు. అవి నా బూట్ల మట్టిలోంచే వచ్చాయని నాకు అర్థమైపోయింది.

"ఈ నీళ్ళలో ఎవరైనా దిగారా?" అని అడిగాడు.

"నాకు తెలిసి లేదు సార్" అన్నాను. నేను దిగలేదు మరి, ఒడ్డున కూర్చునే కడిగాను. ఆ తెలివి తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

బాతులు మోసుకొచ్చి ఉంటాయని ఆయన తేల్చాడు. రిపోర్టులో ఆ వాక్యం టైప్ చేసింది నేనే.

తర్వాతి వేసవికి నల్ల నత్త ఒక్కటీ దొరకలేదు. రిటైరైన రోజు ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఆ వాగుని నాలాగా చూసుకున్నది నువ్వొక్కడివే" అన్నాడు.

"థాంక్యూ సార్" అన్నాను.