డాబా మీద గోమార్ల తనిఖీ

ఆ రోజుల్లో పెళ్లికానివాళ్లకు జగిత్యాలలో గది దొరకడం ఉద్యోగం దొరకడం కన్నా కష్టం. నాకూ, నాతోపాటు కాలేజీలో పాఠాలు చెప్పే లంబూకూ (ఆరడుగుల పైమాటే, పేరు విద్యార్థులు పెట్టింది) ఊరంతా తిరిగాక డాబా మీది గది ఒకటి దొరికింది. "మంచిగుంటె ఉండుండ్రి, లేకుంటె ఖాళీ చేయుండ్రి" అని ఓనరమ్మ మొదటి రోజే తేల్చేసింది. ఆదివారాలు మేమిద్దరం గొల్లపల్లి దిక్కు గుట్టలెక్కేవాళ్లం. వానాకాలం అక్కడి గడ్డిలో గోమార్లు, అదే, పశువులకు పట్టే పిడుదులు, మనుషుల్నీ వదలవు. వాటితో జ్వరాలొస్తాయని తెలిసినప్పటినుంచి నాకు ఒకటే భయం. ప్యాంటు అంచులు సాక్సుల్లో దోపి, ఒంటికి మందు రాసుకుని, గడ్డి తగలకుండా బాట నడుమ పెళ్లికొడుకులా నడిచేవాణ్ణి.

అయినా ఇంటికి రాగానే ఒళ్లంతా వెతుక్కోవాలి, గోమారి కరిచినట్టే తెలియదు. గదిలో గుడ్డి బల్బు. అందుకని ఒక సాయంత్రం డాబా మీద తువ్వాలు కట్టుకుని నిలబడ్డాను. వెనక లంబూ, చేతిలో పట్టకారు. "జర వంగురా, నడుం కాడ ఏదో నల్లగుంది" అన్నాడు. సరిగ్గా అప్పుడే ఆరేసిన బట్టల కోసం ఓనరమ్మ పైకి వచ్చింది.

"ఏంది సార్ గిది? రేపే ఖాళీ చేయుండ్రి."

"గోమారి పట్టిందమ్మా" అన్నాను, వంగిన మనిషిని వంగినట్టే.

"గోమార్లను నా ఇంటికి తెచ్చిండ్రా? అయితె గీ పొద్దే పోండ్రి."

గది పోయినట్టే అనుకున్నాను. మళ్లీ ఊరంతా తిరగాలి. లంబూ మాత్రం దాన్ని చర్మం దగ్గర ఒడిసి పట్టుకుని, మెల్లగా పైకి లాగి ఆమెకు చూపించాడు. "పొలం పోయెటోళ్లకు గూడ పడ్తయమ్మా. అంకుల్ పొద్దున గడ్డి కోసుకచ్చిండు గదా."

ఆమె మెట్ల దగ్గరికి వెళ్లి, "ఏమయ్యా, అంగి ఇప్పుకొని మీదికి రా" అని కేకేసింది. ఆమె భర్త ఎందుకని కూడా అడగకుండా వచ్చి నా వెనక వరసలో నిలబడ్డాడు. ఆయన మోకాలి వెనక ఒకటి దొరికింది. పక్క డాబావాళ్లు చాలాసేపు చూశారు. కరిచిన చోట సబ్బుతో కడగమని, జ్వరమొస్తే ఆస్పత్రికి వెళ్లమని చెప్పాం. జ్వరం రాలేదు, ఖాళీ మాటా రాలేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం "సాక్సులు మీదికి గుంజుకున్నరా?" అని అడిగాకే ఆమె మమ్మల్ని గేటు దాటనిచ్చేది.

ఇప్పుడు నాకు కోరుట్లలో సొంతిల్లుంది, నిలువుటద్దం ఉంది. గుట్టెక్కి వస్తే మా ఆవిడ నన్ను గేటు బయటే నిలబెడుతుంది. సిరిసిల్లలో ఉన్న లంబూకు వీడియో కాల్ చేసి ఫోన్ వీపు వైపు తిప్పుతాను. "జర వంగురా" అంటాడు. వంగుతాను, ఈ వయసులో సగమే. "గంతేనా?" అంటాడు. ఆ మిగతా సగం జగిత్యాల డాబా మీదే ఉండిపోయింది.