పన్నెండో చీటీ

ఆఫీసులో అందరూ ఆమెను జాగ్రత్తమ్మ అనేవాళ్లు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు. ఆర్చ్‌బిషప్ గారి కార్యాలయంలో ఇరవై రెండేళ్లుగా టైపిస్టు. తలుపుకు తాళం వేసి నాలుగడుగులు నడిచాక వెనక్కి వచ్చి మళ్లీ ఒకసారి లాగి చూసే మనిషి. కవరు అంటించాక వెలుతురుకు ఎత్తిపట్టి, లోపల కాగితం ఉందో లేదో చూసుకునే మనిషి.

ఆ జాగ్రత్త పుట్టుకతో వచ్చింది కాదు, భయంతో వచ్చింది. ఆమె తండ్రి రిజిస్ట్రేషన్ ఆఫీసులో దస్తావేజులకు నకళ్లు రాసేవాడు. ఒకసారి స్థలం నంబరులో మూడు ఉండాల్సిన చోట ఎనిమిది పడింది. ఒకరి ఇల్లు ఇంకొకరి పేరున ఎక్కింది. విచారణ జరిగి ఆయన ఉద్యోగం ఊడింది. ఆ తరవాత పదేళ్లు బతికాడు గానీ మళ్లీ కలం ముట్టలేదు. ఆ ఉద్యోగం ఊడేనాటికి ఆమెకు ఎనిమిదేళ్లు. "ఒక్క అంకెమ్మా, ఒక్కటే అంకె" అని ఆయన గోడవైపు తిరిగి గొణుక్కోవడం ఆమె చెవుల్లోంచి ఎన్నడూ పోలేదు.

పెళ్లయిన మూడేళ్లకే భర్త పోయాడు. ఆఫీసు వెనక రెండు గదుల క్వార్టర్సులో అక్కతో కలిసి ఉండేది. అక్క బట్టలు కుట్టేది. నోరు పెద్దది, గుండె అంతకన్నా పెద్దది. "నీ భయానికి జాకెట్టు కుట్టాలంటే నా తానంతా చాలదే" అని నవ్వేది.

ఆ దేశంలో పదకొండు మేత్రాసనాలు ఉండేవి. మేత్రాసనం అంటే ఒక బిషప్ పాలించే ప్రాంతం. అంతవరకూ ఆ పదకొండు మందీ పొరుగు దేశపు బిషప్పులతో కలిసి ఒకే సమాఖ్యగా ఉండేవారు. ఏడాదికోసారి సరిహద్దు దాటి వెళ్లి, వెనక వరసలో కూర్చుని, చెప్పింది విని వచ్చేవారు. చివరికి మాకంటూ ఒక సమాఖ్య కావాలని అడిగారు. అలాంటిదాన్ని నెలకొల్పే అధికారం రోముకే, అంటే పోపుగారికే ఉంది. రోము కాదనలేదు. ముందు మీ నిబంధనలు మీరు రాసుకుని, మూడింట రెండు వంతుల ఓట్లతో ఒప్పుకుని పంపండి, చూసి ఆమోదిస్తాం అంది.

రాయడానికి రెండేళ్లు పట్టింది. అధ్యక్షుణ్ణి ఎలా ఎన్నుకోవాలి, ఆయన లేనప్పుడు ఎవరు కూర్చోవాలి, ఏడాదికి ఎన్నిసార్లు అందరూ కలవాలి, మధ్యలో పనులు నడిపే స్థాయీ మండలిలో ఎవరుండాలి, ప్రధాన కార్యదర్శి పనేమిటి, చదువులకూ వైద్యానికీ ఏయే సంఘాలు ఉండాలి, ఇలా మొత్తం నలభై ఆరు నిబంధనలు. జాగ్రత్తమ్మ వాటిని ఏడుసార్లు టైపు చేసింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

తప్పు పోయింది ఓటు రోజున.

సభలో పదకొండు మంది బిషప్పులతో పాటు ఆర్చ్‌బిషప్ గారి సహాయ బిషప్ కూడా ఉన్నారు. రెండు నెలల కిందటే అభిషేకం అయిన మనిషి. ఆయనా సభ్యుడే, మామూలు తీర్మానాలకు ఆయనకూ ఓటుంది. కానీ సమాఖ్య నిబంధనల మీద ఓటు మాత్రం మేత్రాసనాన్ని పాలించేవారిదే, సహాయ బిషప్‌కు ఉండదు. చర్చి చట్టం అలా ఉంది. ఆ ముక్క రాసిన చిన్న కాగితం ఆర్చ్‌బిషప్ గారి కార్యదర్శి ఫాదర్ రెండు రోజుల ముందే ఆమె బల్ల మీద పెట్టారు. ఆమె చదివింది కూడా.

పొద్దుట నుంచీ మూడు చిన్న తీర్మానాలకు ఓట్లు జరిగాయి. ప్రతిసారీ పన్నెండు చీటీలు కత్తిరించి పంచింది. నాలుగోసారీ చేతులు అలవాటు ప్రకారం పన్నెండే కత్తిరించాయి. కొత్త సహాయ బిషప్ తనకిచ్చిన చీటీ తీసుకుని వంగి రాశారు. లెక్కపెట్టారు. ఎనిమిది ఔను, నాలుగు కాదు. సరిగ్గా మూడింట రెండు వంతులు. చప్పట్లు మోగాయి. నలుగురైదుగురు కళ్లు తుడుచుకున్నారు. అందరూ భోజనానికి లేచారు.

జాగ్రత్తమ్మ తన గదిలో మూడు కాగితాల మధ్య కార్బన్లు పెట్టి, సభ నివేదిక టైపు చేయడం మొదలుపెట్టింది. దాన్ని రోముకు చేర్చడానికి నాలుగు గంటలకు పోపుగారి రాయబారి కారు వస్తుంది. ఆలోపు బిషప్పులందరూ సంతకాలు పెట్టాలి. 'ఓటు హక్కు గలవారు' అని కొట్టింది. పక్కన అంకె కొట్టబోయి వేళ్లు ఆగిపోయాయి.

పదకొండు. చీటీలు పన్నెండు.

లేచి తలుపు మూసింది. కవరులోని చీటీలు బల్ల మీద పరిచి లెక్కపెట్టింది. పన్నెండు. మళ్లీ లెక్కపెట్టింది. లెక్కపెట్టినంత మాత్రాన ఒకటి తగ్గుతుందా? సహాయ బిషప్ 'కాదు' అని ఉంటే ఎనిమిది ఎనిమిదిగానే నిలుస్తుంది, నిబంధనలు నెగ్గినట్టే. 'ఔను' అని ఉంటే పదకొండు మందిలో మిగిలేది ఏడుగురు. ఏడు చాలదు. ఆయన ఏమని రాశారో చెప్పే గుర్తు ఏ చీటీ మీదా లేదు. రహస్య ఓటు.

క్వార్టర్సు గుర్తొచ్చింది. అక్క కుట్టు మిషను, దాన్ని ఎత్తుకుని ఎక్కడికి పోవాలన్న ఆలోచన, గోడవైపు తిరిగిన తండ్రి వీపు, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి.

కార్యదర్శి ఫాదర్ వచ్చేసరికి ఆమె ఇంకా నిలబడే ఉంది.

"అయిందా అమ్మా?"

"ఫాదర్... చీటీలు... ఒకటి ఎక్కువిచ్చాను."

అర్థం కావడానికి ఆయనకు రెండు క్షణాలు పట్టింది. కుర్చీలో కూలబడ్డారు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు ఫాదర్."

ఆయన కిటికీలోంచి బయటకు చూశారు. తోటలో బిషప్పులు నవ్వుకుంటూ తిరుగుతున్నారు. "చూడమ్మా, రెండేళ్లు కష్టపడి వీళ్లను ఒక తాటి మీదికి తెచ్చాం. ఇప్పుడు మళ్లీ ఓటంటే ఎవరు ఎటు పోతారో తెలీదు. సహాయ బిషప్ కాదనే అన్నాడేమో. అనే ఉంటాడు. ఓటర్లు పదకొండు, ఔను ఎనిమిది, కాదు మూడు అని కొట్టు."

"ఆయన ఔనని ఉంటే?"

"ఆ సంగతి దేవుడికి తప్ప ఎవరికీ తెలీదు. కొట్టమ్మా. టైమవుతోంది."

ఆయన చెడ్డమనిషి కాదు. ఆమెలాగే భయపడ్డ మనిషి, అంతే. జాగ్రత్తమ్మ కూర్చుంది. పదకొండు అని కొట్టింది. ఎనిమిది అని కొట్టింది. మూడు అని కొట్టింది. ఇరవై రెండేళ్లలో తెలిసి తెలిసి ఆమె కొట్టిన మొదటి తప్పుడు అంకె అది.

మూడున్నరకు సభాగదిలో పొడుగు బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. నివేదిక ఆర్చ్‌బిషప్ గారి ముందు పెట్టి, సిరా ఆరేందుకు అద్దుడు కాగితం పట్టుకుని ఆమె పక్కన నిలబడింది. చెమటకు అద్దుడు కాగితం అంచు మెత్తబడిపోయింది. ఆర్చ్‌బిషప్ గారు డెబ్బై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. పైపైన చూసి కలం మూత తీశారు.

ఆమె చెయ్యి దానంతటదే వెళ్లి కాగితం మీద పడింది.

"సంతకం పెట్టకండి అయ్యగారూ."

ఆర్చ్‌బిషప్ గారు ఆ చేతిని చూశారు, ఆమె మొహాన్ని చూశారు. "ఏమైందమ్మా?"

"పొరపాటు నాది. ఓటు లేనివారికి కూడా చీటీ ఇచ్చాను. లెక్కపెట్టింది పన్నెండు. ఈ కాగితంలో పదకొండని ఉంది. ఇది అబద్ధం." ఆ మాటలు ఏ గొంతుతో అందో తరవాత ఆమెకే గుర్తులేదు.

"అంకె మార్చమని నీకెవరు చెప్పారు?" కొండప్రాంతపు ముసలి బిషప్ కరుగ్గా అడిగారు.

జాగ్రత్తమ్మ తల వంచుకుంది. చివరికి కార్యదర్శి ఫాదర్ లేచారు. "నేనే చెప్పాను" అని మళ్లీ కూర్చున్నారు.

నాలుగింటికి వచ్చిన కారును వట్టి చేతులతో తిప్పి పంపేశారు. పదకొండు చీటీలు కత్తిరించారు. ఈసారి ఆమె ఒక్కొక్కటీ పైకి లెక్కపెడుతూ ఇచ్చింది. ఫలితం చదివారు. ఏడు ఔను, నాలుగు కాదు.

వీగిపోయింది. అందరి కళ్లూ ఒక్క క్షణం సహాయ బిషప్ వైపు తిరిగాయి, ఆయన రహస్యం అలా బట్టబయలైంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. రెండేళ్ల పనిని నా చేత్తో కూల్చేశాను అనుకుంది జాగ్రత్తమ్మ.

అప్పుడు కొండప్రాంతపు బిషప్ మాట్లాడారు. "మేం నలుగురం ఎందుకు కాదన్నామో ఎవరూ అడగలేదు. ఇప్పుడైనా వినండి. స్థాయీ మండలిలో అన్నీ పెద్ద మేత్రాసనాలే. నా దగ్గర ఎనిమిది మంది ఫాదర్లు, రెండు జీపులు. మా గోడు చెప్పుకోడానికి అక్కడ ఒక్క కుర్చీ లేదు. పొరుగు దేశంలో వెనక వరసలో కూర్చున్నాం, సొంతింట్లో కూడా వెనకేనా?"

చీకటిపడే దాకా వాదించుకున్నారు. ఇల్లు చేరాక ఆమె జరిగిందంతా చెప్పి, "సామాను సర్దుకుందాం అక్కా" అంది. అక్క నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒక జేబు కుడుతోంది. ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది. "పొమ్మంటే పోదాం. పొమ్మనకముందే సర్దుకోడానికి మనమేమైనా దొంగలమా? కూర్చో, తిను." ఆమె తినలేకపోయింది.

మర్నాడు మండలిలో చిన్న మేత్రాసనాలకు ఒక స్థానం కలిపారు, వంతులవారీగా. మళ్లీ ఓటు. పది ఔను, ఒకటి కాదు. ఆ నివేదిక ఆమే టైపు చేసింది. ఆర్చ్‌బిషప్ గారు సంతకం చేసి, "నిన్న చాలా భయపడ్డావు కదమ్మా?" అన్నారు. "ఇప్పటికీ భయంగానే ఉంది అయ్యగారూ" అంది. ఆయన కలం మూత పెట్టారు. పొమ్మని మాత్రం అనలేదు.

ఏడు నెలల తరవాత రోము నుంచి జవాబు వచ్చింది. రెండు చోట్ల సవరణలు చెప్పి, మిగతాది ఆమోదించింది. సమాఖ్య ఏర్పడింది. మొదటి అధ్యక్షుడిగా ఆర్చ్‌బిషప్ గారినే ఎన్నుకున్నారు, ఉపాధ్యక్షుడిగా ఎవరూ ఊహించని విధంగా కొండప్రాంతపు బిషప్ నెగ్గారు. ప్రధాన కార్యదర్శి పదవి మాత్రం కార్యదర్శి ఫాదర్‌కు దక్కలేదు. ఆయన ఎక్కడో దూరపు ఊరి చర్చికి గురువుగా వెళ్లిపోయారు. ఎప్పుడైనా పనిమీద వస్తే తల ఊపి పలకరించేవారు, అంతకుమించి మాట ఉండేది కాదు. తాను చేసింది తప్పు కాదని ఆమెకు తెలుసు. అయినా ఆయన మెట్లెక్కుతున్న చప్పుడు వింటే ఆ పూటంతా మనసు బాగుండేది కాదు.

సమాఖ్య కార్యాలయంలో జాగ్రత్తమ్మ ఇంకా పదమూడేళ్లు పనిచేసింది. కొత్త ప్రధాన కార్యదర్శి ఒక పద్ధతి పెట్టారు. ఏ ఓటుకైనా ముందు, ఎవరెవరికి ఓటుందో ఆమె లేచి నిలబడి పైకి చదవాలి. చదివిన ప్రతిసారీ ఆమె గొంతు వణికేది. కొత్తగా వచ్చిన ఒక బిషప్ నవ్వి, "జాబితా చదవడానికి ఇంత వణుకెందుకమ్మా?" అని అడిగితే, పక్కనున్న, ఆనాడు పన్నెండో చీటీ రాసిన సహాయ బిషప్ ఆయన మోచేతిని మెల్లగా నొక్కారు.

"చదవనివ్వండి" అన్నారు. "ఆమె చదివేటప్పుడు మనం సరిగ్గా వినాలి."